గుప్పెడు జొన్నల మాట

జాన్ సాహెబ్ మాస్టారికి పిచ్చి ఉందా, లేదా? ఈ ప్రశ్న నన్ను మొదట అడిగినవాడు సోడాల ఖాసిం. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు ఎనభై దాటాయి. ఈలోపు చాలా పుస్తకాలు చదివాను, కొన్నిటిని రెండేసిసార్లు చదివాను. జవాబు ఎక్కడా దొరకలేదు.

ఉందనడానికి ఊరంతా సాక్ష్యం. ఆయన చెవిన 'బోర్డు' అన్న ఇంగ్లీషు మాట పడిందా, అన్నవాడు గుప్పెడు జొన్నలు జరిమానా కట్టాలి. చిన్నా పెద్దా లేదు, హిందువా తురకా కిరస్తానీయా అని లేదు. తిడితే ఊరుకుంటారు. కొట్టబోతే పక్కకు తప్పుకుంటారు. బోర్డు అంటే మాత్రం ఇంటిదాకా వెంటపడి వస్తారు.

నేను ఆ ఊరి బడికి రెండో పంతులుగా వెళ్ళింది పందొమ్మిదివందల నలభై మూడు జూన్‌లో. గురజాలకు ఆరు మైళ్ళు. ముప్పాళ్ళ నుంచి కొంత బస్సు, కొంత ఎడ్లబండి, మిగతాది కాళ్ళు. బడి అంటే నాపరాళ్ళ కప్పు కింద రెండు గదులు. లోపల సన్నగా పొడుగ్గా, నల్లటోపీ పెట్టుకున్న మనిషి నల్లబల్లను కింద పడుకోబెట్టి దాని అంచుకు చిత్రిక పడుతున్నారు.

"నమస్కారం సార్. నా పేరు పేతురు. కొత్త పంతుల్ని. నా గదిలో కూడా బోర్డు ఉందాండీ?"

"గుప్పెడు," అన్నారాయన, తలెత్తకుండానే.

"ఏందండీ?"

"జొన్నలు. అదుగో డబ్బా."

మూల ఒక కిరసనాయిలు డబ్బా ఉంది. నాకేమీ అర్థం కాలేదు. "బోర్డు ఉందా అని అడిగానండీ, అంతే."

"రెండు."

"బోర్డు అంటే తప్పేందండీ?"

"మూడు. ఇంక ఆపవయ్యా పేతురయ్యా, నెల జీతం ఇయ్యాలే పొయ్యేట్టుంది."

ఉద్యోగంలో నా మొదటి సంపాదన మూడు గుప్పెళ్ళ బాకీ. చెల్లించాల్సింది డబ్బుతో కాదు గనక, వచ్చేటప్పుడు మా అమ్మ కట్టిచ్చిన జొన్నల మూట విప్పాను. అవి డబ్బాలో పడ్డాకగానీ ఆయన నా మొహం చూడలేదు. చూసి, చాలా మర్యాదగా, "కూర్చో. అర్థం తెలిసే అన్నావా ఆ మాట?" అన్నారు.

"నల్లబల్ల కదండీ."

"అది మునిమనవడు. ముత్తాత ఎవరు?"

ముత్తాత చెక్క. రంపం కింద నుంచి ఊడిపడ్డ పలక. ఆ పలకను నాలుగు కాళ్ళ మీద నిలబెడితే ఇంగ్లీషువాడికి భోజనాల బల్ల అయింది. బల్ల మీద పెట్టే తిండికీ వాడు అదే పేరు పెట్టుకున్నాడు. తిండీ పడకా దొరికే చోటు బోర్డింగయింది. ఆ బల్ల చుట్టూ చేరి ఊరి సంగతులు తేల్చే పెద్దమనుషులు పంచాయతీ బోర్డయ్యారు. అందరూ ముక్కాలిపీటల మీద ఉంటే ఒక్కడికి కుర్చీ దొరికింది, వాడు చైర్మనయ్యాడు. ఇదంతా ఒక వంశమట. ఇంకో వంశం వేరే ఉందట. ఓడ అంచుని కూడా పూర్వం వాళ్ళు ఆ మాటే అనేవాళ్ళట. చెక్క వంశమూ ఓడ వంశమూ ఎక్కడో వియ్యమందుకున్నాయి.

"ఎక్కడ కలిశాయో తేలుద్దామంటే ఈ ఊరోళ్ళు కుదురుగా కూర్చోనియ్యరు," అన్నారాయన. అప్పటికి ఆ మాట ఆయనే పదకొండుసార్లు అన్నారు. లేచి, భుజాన వేలాడే సంచిలోంచి పదకొండు గుప్పెళ్ళు తీసి డబ్బాలో పోశారు.

"మీరూ కడతారా సార్?"

"చట్టం నాకు చుట్టమా ఏంది?"

ఆయన తండ్రి వడ్రంగి. మాచర్లలో ముప్పై ఏళ్ళు చెక్క కోసి పోయాడు. "మా అబ్బా చేతికింద పడ్డ పలకకు ఇంత పెద్ద వంశముందని ఆయనకు తెలియకుండానే మట్టిలో కలిశాడు," అనేవారు మాస్టారు. "నాకు తెలిసింది. తెలిసినాక ఊరుకుంటానా?" అట్టలు ఊడిన ఒక డిక్షనరీ ఆయనకు ఉండేది. అందులో ఆ మాట ఉన్న పేజీ వేళ్ళ జిడ్డుకు నల్లబల్లకన్నా నల్లగా అయిపోయింది.

రాట్నం వడికే కుర్రవాళ్ళు ఒకసారి ఆయనను నిలదీశారు. "ఇంగ్లీషోణ్ణి ఎళ్ళగొడదామని మేం చస్తుంటే, వాడి మాటకు నువ్వు ఈ మర్యాదేంది సాయిబూ?"

"వాడు పోతాడురా. మాట పోదు. మీరు పొద్దున లేస్తే వాడుకునేదేగా. దాని లోతు తెలీకుండా వాడుకుంటే వాడి ఇంట్లో అద్దెకున్నట్టే. లోతు తెలిస్తే ఇల్లు మనది. ఇంతకీ ఏ మాట గురించిరా మీరడిగేది?"

"బోర్డు..."

"గుప్పెడు."

ఊరు దారులు వెతుక్కుంది. ఖాసిం తన సోడా కొట్టు ముందర వేలాడే బోర్డును రేకు అనేవాడు. బస్సు మీద ఊరి పేరు రాసిన బోర్డు 'నొసటి రాత' అయింది. గుంటూరు మిషను బోర్డింగులో చదివిన మా మేనమామ నన్ను చూడ్డానికి వచ్చి, ఆ సంగతి చెప్పబోయి, నేను చేత్తో ఆయన నోరు మూయడంతో ఉక్కిరిబిక్కిరయ్యాడు. వెనక మాటున మాస్టారికి బోర్డు సాయిబు అని పేరు. వెనక్కి చూసుకొని మరీ అనేవారు.

ఆయన భార్య ఖాతూన్ బీ నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. "నిఖా నాడు ఖాజీ అడిగితే ఖుబూల్ అని మూడుసార్లన్నా సరిగ్గా అన్లేదు ఈ మనిషి. ఈ పాడు మాటయితే రోజుకు మున్నూరు మాట్లు అంటాడు," అనేది మా అందరి ముందూ. రోజూ సాయంత్రం ఆయన తన జరిమానా తానే కొలుచుకొని డబ్బాలో పోయడం, శనివారం ఆవిడ ఆ డబ్బా ఎత్తుకొని ఇంటికి పోవడం చూసి ఊరు నవ్వేది. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకునే జరిమానా ఎక్కడైనా ఉందా అని.

అన్నిటికన్నా ఇబ్బంది ధనుంజయరావు గారికి. ఆయన మా ఊరి పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు. తానెవరో తాను చెప్పుకోలేని స్థితి వచ్చింది. రేషను సంగతులు చెప్పడానికి తాసిల్దారు వచ్చినరోజు బడి ముందే సభ. మాస్టారు మొదటి వరసలో, ఒళ్ళో డబ్బాతో కూర్చున్నారు. ధనుంజయరావు గారు లేచి, "అయ్యా, మన పంచాయతీ... మన పంచాయతీ యొక్క... పంచాయతీకి సంబంధించిన ఆ..." అని చెమటలు కక్కి, చివరికి తెగించి, "బోర్డు తరపున!" అని అరిచారు. జనం గొల్లుమన్నారు. ప్రసంగం అయ్యేసరికి తొమ్మిది గుప్పెళ్ళు తేలాయి. పాలేరు ఇంటికి పరుగెత్తి తెచ్చాడు. తాసిల్దారు చూస్తుండగా ప్రెసిడెంటు గారు వంగి డబ్బాలో పోశారు.

ఇదంతా నాకు నవ్వులాటగానే ఉండేది. నవ్వు రానిది ఒక్కటే, మధ్యాహ్నపు శిక్ష.

మధ్యాహ్నం గంట కొట్టేముందు మాస్టారు పై తరగతుల పిల్లలను నిలబెట్టి ఆ మాట అర్థాలు అడిగేవారు. చెప్పినవాళ్ళు అన్నానికి ఇళ్ళకు పోవచ్చు. తప్పినవాళ్ళు ఆయన వెంట బడి వెనకే ఉన్న ఆయన ఇంటికి పోయి, మళ్ళీ గంట కొట్టేదాకా దొడ్లో శిక్ష అనుభవించాలి. రోజూ తప్పేది ఆ పద్నాలుగుమందే. ఊరి బయట నా గది ఉన్న మా పాలెం పిల్లలు కొందరు, రాళ్ళు కొట్టే వడ్డెరల పిల్లలు కొందరు, మూడు మైళ్ళ నుంచి నడిచి వచ్చేవాళ్ళు కొందరు. వాళ్ళలో సుందరి అని ఆరో తరగతి పిల్ల. మా పాలెపు పున్నమ్మ కూతురు. నా లెక్కల క్లాసులో దానికి తిరుగులేదు. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం రోజూ నోరు కుట్టుకునేది.

ఒకరోజు ధనుంజయరావు గారి అబ్బాయి నిజంగానే తప్పాడు. ఒక్క అర్థమూ చెప్పలేకపోయాడు. మాస్టారు వాడి వీపు తట్టి, "నీకు మాఫీరా. ఇంటికి పో," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. నేను ఎవరినీ ఏమీ అనే మనిషిని కాను. గదికి పోయి సంగటి తిని పుస్తకం ముందేసుకుంటే నాకు లోకం అక్కర్లేదు. ఆ రోజు మాత్రం ఆగలేకపోయాను.

"మాస్టారూ, పెద్దింటి బిడ్డకు మాఫీ, లేనోళ్ళ బిడ్డలకు శిక్షా? అదీ తిండి వేళా?"

"తప్పితే శిక్షే పేతురయ్యా."

"ఆ పిల్లాడూ తప్పాడుగా!"

"వాడు తప్పింది వేరే. నువ్వు పోయి బువ్వ తిను."

ఆయన మీద గౌరవం నాకు ఆ పూటతో పోయింది. ఇంకెవరితోనూ అనలేదు. పుస్తకం తీసుకున్నాను.

సభ జరిగిన నెలకు డిప్యూటీ ఇన్‌స్పెక్టరు మస్తాన్‌రావు గారు వచ్చి దిగారు. ధనుంజయరావు గారు అర్జీ పెట్టారట. రేషను రోజుల్లో ఒక మాస్టరు జనం దగ్గర ధాన్యం గుంజి దాస్తున్నాడనీ, పేద పిల్లలను అన్నం వేళ ఇంటికి లాక్కెళ్ళి హింసిస్తున్నాడనీ. అర్జీలో ఆ మాట ఏడుసార్లు ఉందట. రాతకు జరిమానా లేదు గనక.

పై తరగతి గదిలో విచారణ. ఇన్‌స్పెక్టరు గారికి కుర్చీ, ప్రెసిడెంటు గారికి స్టూలు. పిల్లలు నేల మీద. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. మాస్టారు నల్లబల్ల పక్కన.

"ఈ డబ్బాలో జొన్నలు ఎవరివి?"

"ఎవరివీ కావు సార్. జరిమానావి."

"ఎక్కడికి పోతున్నాయి?"

"శిక్షకు."

"శిక్షకు జొన్నలెందుకయ్యా?"

"అది చెప్పను సార్."

"అడుగుతున్నది నేను."

"వినపడింది సార్. చెప్పను."

ఇన్‌స్పెక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఉద్యోగం పోతుంది. తెలుసా?"

"పోనీండి. మా అబ్బా చిత్రిక ఇంట్లోనే ఉంది. మంచాలకు కోళ్ళు చేసుకొని బతుకుతా. ఇది మాత్రం చెప్పను."

"చూడు మాస్టారూ, ఈ సంగతి నేను పైన జిల్లా బోర్డుకు..."

"గుప్పెడు, సార్."

 ధనుంజయరావు గారు, తనకు తోడు దొరికినట్టు, "చూశారా! చూశారా సార్!" అన్నారు.

ఇన్‌స్పెక్టరు గారు ఎర్రబడ్డారు. అర్జీ కాగితం చూసి, "రోజూ శిక్ష పడే పిల్లలు ఎవరో లేవండి," అన్నారు. పద్నాలుగుమందీ లేచారు. "ఎందుకు శిక్ష?"

"అర్థాలు రాక," అన్నాడు ఒకడు.

అప్పుడు సుందరి ముందుకు వచ్చింది. మాస్టారికి తమవల్ల ముప్పు వచ్చిందని దానికి అర్థమైంది. చేతులు కట్టుకొని, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది. "చెక్క. పలక. బల్ల. నల్లబల్ల. పేకాట బల్ల. చదరంగం పలక. పుస్తకం అట్ట. దుకాణం రేకు. బల్ల చుట్టూ పెద్దమనుషులు. ఓడ అంచు. ఓడ ఎక్కటం. రైలెక్కటం..." ఊపిరి తీసుకోకుండా ఇరవై రెండు చెప్పింది. రెండు వంశాలూ విడదీసి, వియ్యంతో సహా చెప్పింది. తక్కిన పదమూడుమంది మొహాలు వాడిపోయాయి. "ఒసే ఆపవే, ఆపవే," అని వెనకనుంచి ఒకడు దాని జడ లాగుతున్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు మాస్టారి వైపు తిరిగారు. "రోజూ తప్పే పిల్ల ఇదేనా?"

"ఇయ్యాల కూడా తప్పింది సార్. ఒకటి వదిలేసింది."

"ఏది?"

"అది ఆ పిల్ల చెప్పాలి. చెప్పలేదు గనక శిక్షే." బయట గంట మోగింది. మాస్టారు టోపీ సర్దుకున్నారు. "టయిమైంది సార్. మీరు కూర్చొని నా మీద ఏం రాయాల్నో రాసుకోండి. శిక్ష ఆలస్యం చెయ్యటం నాకు అలవాటు లేదు." పద్నాలుగుమందినీ వెంటేసుకొని ఆయన విచారణ మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయారు.

ప్రెసిడెంటు గారు నోరు తెరిచారు. ఇన్‌స్పెక్టరు గారు నన్ను చూశారు. "ఏమయ్యా, నువ్వు ఇక్కడే ఉంటావుగా. ఆ పిల్ల వదిలేసింది ఏది?"

ఏడాదిపాటు రోజూ విన్నవాణ్ణి. వేళ్ళు మడుచుకుంటూ వెతికాను. చెక్క తర్వాత బల్ల. బల్ల తర్వాత...

"తిండి, సార్," అన్నాను. అని, మాస్టారి ఇంటివైపు తిరిగాను.

వెనక కిటికీలోంచి ఖాతూన్ బీ కేకలు వచ్చాయి. "ఏమే సుందరీ, ఇంతాలస్యమేందే? సంగటి చల్లారిపోతుంటే! ఒరేయ్, చేతులు కడుక్కోండ్రా ముందు. నీకు గోంగూర వడ్డించలా? మరి అడగవేందిరా, మూగోడివా?" ఎండుమిరపకాయల తాలింపు ఘాటు గదిలోకి వచ్చింది.

 ధనుంజయరావు గారు కప్పు రాళ్ళను లెక్కపెడుతున్నట్టు పైకి చూశారు. "మా వాణ్ణి ఇంటికి పొమ్మంది అందుకా?" అన్నారు, ఎవరినీ కాదు.

ఇన్‌స్పెక్టరు గారు కలం మూత పెట్టారు. లేచి డబ్బా దగ్గరికి వెళ్ళి లోపలికి చూశారు. అడుగున పలచగా ఉన్నాయి. గొంతు సవరించుకొని, పద్యం చదువుతున్నట్టు, "బోర్డు. బోర్డు. బోర్డు. బోర్డు," అని వేళ్ళు ముడుస్తూ ఇరవైదాకా పోయారు. "ప్రెసిడెంటు గారూ, ప్రయాణంలో ఉన్నాను. నా దగ్గర జొన్నలుండవు."

"మా ఇంట్లో ఉన్నయి సార్," అన్నారు ధనుంజయరావు గారు. లేచి కండువా దులుపుకొని, "పంచాయతీ బోర్డు! పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు! బోర్డు మీటింగు!" అని కసిదీరా అరిచారు. సంవత్సరం నుంచి దాచుకున్నదంతా ఒక్కసారి అనేశారు. ఆ సాయంత్రం ఆయన పాలేరు జొన్నల బస్తా దించి పోయాడు.

ఇన్‌స్పెక్టరు గారు రాసిన రిపోర్టు తర్వాత నేను చూశాను. 'ఇంగ్లీషు బోధన ఒక్క మాట మీదనే సాగుతున్నా గట్టిగా సాగుతున్నది. శిక్షలు క్రమం తప్పకుండా అమలవుతున్నవి. ఆపనవసరం లేదు.'

బడి వదిలాక నేను మాస్టారి ముందు నిలబడ్డాను. "నాతో చెప్తే ఏం పోయింది మాస్టారూ?"

"చెప్తే నువ్వు జాలిపడేవాడివి. నీ మొహం నీ మాట వినదు పేతురయ్యా. ఆ మొహం చూస్తే మర్నాటి నుంచి ఆ పిల్లలు బడికి రారు. రమ్మని పెడితే ముష్టి. మా ఇంట్లో తినటానికి తల్లులూ ఒప్పుకోరు. శిక్షంటే ఎవురూ అడగరు. తలెత్తుకొని వచ్చి, తలొంచుకొని తిని పోతారు."

అప్పుడు నాకు ఇంకొకటి తట్టింది. ఆ మాటతో పనిపడేది ఊళ్ళో గింజలున్న వాళ్ళకే. పంచాయతీ పనులున్నవాళ్ళకు, దుకాణాలున్నవాళ్ళకు, పిల్లలను బోర్డింగుల్లో చదివించేవాళ్ళకు. పాలెంలో ఎవరికీ ఆ మాట అనే అవసరం రాదు. జరిమానా దానంతటదే సరైన గుమ్మాల్లోకి వెళ్ళింది. సాయంత్రాలు ఆయన తనకు తాను వేసుకున్న జరిమానా, ఆ ఇద్దరూ తమ తిండిలోంచి తీసిన రేషను.

"అయితే ఈ మాట పిచ్చంతా నాటకమేనా మాస్టారూ?" అన్నాను, నవ్వుతూ.

ఆయనకు నిజంగా కోపం వచ్చింది. "నాటకమేందయ్యా! ఓడ వంశం సంగతి ఇంకా తేలందే?" అని డిక్షనరీ తెరిచారు. దీపాలు పెట్టేదాకా నన్ను వదల్లేదు. ఆ పూట ఆయన జరిమానా నలభై ఆరు గుప్పెళ్ళు.

నలభై ఆరు ఫిబ్రవరిలో ఆయనకు ఈపూరు బదిలీ అయింది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. ఖాతూన్ బీ రాజుపాలెంలో అన్నగారింటికి పోయిందనుకున్నాను. శనివారం ఖాతూన్ బీ బదులు సుందరి తల్లి పున్నమ్మ వచ్చి డబ్బా ఖాళీ చేసుకుపోతే, అదీ మామూలే అనుకున్నాను. సోమవారం పొద్దున బడికి పోతుంటే ఖాసిం కొట్టులోంచి కేకేశాడు.

"పంతులూ, మీ మాస్టారు తొలిబస్సెక్కాడు. ఓ మూట, ఆ చింపిరి పుస్తకం, చిత్రిక. యాడికి సాయిబూ అంటే నోరిప్పలా. నీతో చెప్పలా?"

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఊహించగలను. చెప్పాలంటే జిల్లా బోర్డు వారి ఆర్డరు వచ్చిందనాలి. ఆయన అనాలి, నేను అనాలి, ధనుంజయరావు గారు అనాలి, పిల్లలు అనాలి. అంత జరిమానా వసూలు చేసుకొనే ఓపిక ఆయనకు ఆ పూట లేకపోయి ఉంటుంది. ఇంతే కదా అని నన్ను నేను సమాధానపెట్టుకొని తాళం తీశాను.

నల్లబల్ల అంచులు కొత్తగా చిత్రిక పట్టి ఉన్నాయి. దొండాకు పసరూ బొగ్గూ పట్టించి ఉంది, ఇంకా తడి ఆరలేదు. దాని కింద డబ్బా. శనివారం ఖాళీ అయిన డబ్బా అడుగున గుప్పెడు జొన్నలు ఉన్నాయి.

ఆ గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు. ఎవరితో అని ఉంటారు ఆ మాట? ఎవరూ వినని మాటకు ఎవరూ అడగని జరిమానా కట్టి పోయిన మనిషికి పిచ్చి ఉందనాలా, లేదనాలా?

గంట కొట్టాను. ఆ మధ్యాహ్నం అర్థాలు నేనడిగాను. పద్నాలుగుమందీ నా దగ్గర తప్పారు.